టోపీ కింది తల

విజయనగరం,
1968 జూన్ 23.

అమ్మమ్మకు జగదీశ్వరి నమస్కారాలు.

క్షేమం అని రాస్తే "క్షేమం కాకపోతే కలం పట్టగలవా?" అంటావు గనుక ఆ వాక్యం ఎగ్గొట్టేసి అసలు సంగతికి వస్తున్నాను.

మా నర్సుల శిక్షణ బడిలో నేను ట్యూటరుగా చేరాక జరిగిన పెద్ద విశేషం మిస్ వెర్నా. మొన్న ఉగాదికి అమెరికా నుంచి రెండేళ్ళ కోసం వచ్చింది. పిల్లలకు పాఠాలు చెబుతుంది, ప్రసవాల వార్డు చూస్తుంది. అమెరికా అన్నారు కదా, తెల్లదొరసాని దిగుతుందని పూలదండ పట్టుకొని అందరం స్టేషనుకి వెళ్ళాం. దిగింది మనకంటే నల్లటి మనిషి. మా హెడ్ గుమాస్తా కూర్మయ్య గారు దండతో సహా ఆమెను దాటుకొని ఇంజను దాకా వెళ్ళిపోయారు, దొరసాని కోసం వెతుక్కుంటూ. ఆమే వెనక నుంచి పిలిచి, "అది నాకే అనుకుంటాను" అని మెడ వంచి దండ వేయించుకుంది.

పని చూస్తే అమ్మమ్మా, కళ్ళు తిప్పుకోలేం. అడ్డం తిరిగిన బిడ్డని పొట్టమీద చేత్తో తడిమే చెప్పేస్తుంది. తెలుగు ఎవరి దగ్గర నేర్చుకుందనుకున్నావు? మా వార్డు ఆయా గురమ్మ దగ్గర. "ఏటమ్మా, నొప్పి ఎక్కువగున్నాదా?" అని అడుగుతుంటే మా పిల్లలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంటారు.

అన్నీ బాగానే ఉన్నాయి, చిక్కంతా జుట్టుతోనే. ఎలా చెప్పను నీకు? కిందికి వాలదు. తల చుట్టూ గుండ్రంగా, దట్టంగా, విచ్చిన పత్తికాయలా లేచి ఉంటుంది, నల్ల పత్తి అనుకో. నర్సు టోపీ పెడితే నీళ్ళ మీద కాగితప్పడవలా తేలుతుంది. మా మేట్రన్ సుగుణమణి గారికి అది చూస్తే నిద్ర పట్టడం లేదు. తల నున్నగా ఉండాలి, ముడి మెడకి పైన ఉండాలి, టోపీ నిటారుగా నిలవాలి అని గోడ మీద రంగుతో రాయించిన మనిషి ఆవిడ.

దానికి తోడు, వార్డులో బాలింతలు ఆమె చేతి మందు పుచ్చుకోవడం లేదు. ఆమె వస్తోందంటే పిల్లని కొంగులో దాచేస్తారు. రంగు చూసి కాబోలనుకున్నాను. గురమ్మని అడిగితే నా మీద విరుచుకుపడింది. "రంగేటమ్మా, మా యప్ప నాకన్నా నలుపు. తల ఇరబోసుకున్నాది కదా, నూనె సుక్క నేదు! ఇంటికాడ ఎవులో పోయుంతారు. మైలలో ఉన్న మనిసి సేత బాలింతకి మందేటి, పసిగుంటకి సెయ్యేటి?"

మేట్రన్ గారు నన్ను గదిలోకి పిలిచారు. "నువ్వు వయసులో దగ్గర దానివి. జుట్టు సాపు చేయించుకోమని నెమ్మదిగా చెప్పు. వాళ్ళ దేశంలో దువ్వెన కాల్చి సాపు చేసుకుంటారు, నాకు తెలుసు" అన్నారు. ఒక మనిషి ఎదురుగా నిలబడి నీ జుట్టు బాగోలేదని ఎలా చెప్పడం? నువ్వయితే ఎవరికేది చెప్పాలన్నా వెనకాడవు. అందుకే అడుగుతున్నాను.

నీ
జగదీశ్వరి

---

శ్రీకాకుళం,
జూన్ 30.

చిరంజీవి జగదీకి,

దీవెనలు పైనే రాసేస్తున్నాను. కాగితం అడుగుకి వచ్చేసరికి కోపం వచ్చి మరిచిపోవడం నాకు అలవాటు.

వెనకాడనని నన్ను మెచ్చుకున్నావో, నోటిదురుసు దాన్నని ఎత్తిపొడిచావో తెలియలేదు. రెండూ నిజమే కనుక పేచీ లేదు.

మీ కూర్మయ్య దండ వేయవలసిన మనిషిని దాటిపోవడం వింత కాదు. ఈ దేశంలో దండలు వేసేవాళ్ళందరూ అంతే. కానీ ఆ పిల్ల వెనక్కి పిలిచి మెడ వంచిందన్నావే, అక్కడ నాకు నచ్చింది. నేనయితే అలిగి అదే రైలెక్కి పోయేదాన్ని.

ఇక నీ ప్రశ్న. నువ్వు రెండు వేరు వేరు సంగతులను ఒక మూటలో కట్టావు. గురమ్మ అన్నది భయం. సుగుణమణి గారు అన్నది ఇష్టాయిష్టం. భయానికి జవాబు ఉంటుంది, చెబితే తీరుతుంది. ఇష్టాయిష్టానికి జవాబు లేదు. వంకాయ తినని వాడి ముందు వంకాయ మీద పద్యం చదివి ఏం లాభం?

కాబట్టి ఆ పిల్లతో నీ జుట్టు బాగోలేదని అనకు. అది నిజమో కాదో నీకే తెలియదు. తల విరబోసుకుంటే మన వైపు ఆడవాళ్ళకు ఏమని తోస్తుందో, ఉన్నది ఉన్నట్టు చెప్పు. ఆమె పరాయి ఊరి మనిషి, ఎవరూ చెప్పకపోతే ఎలా తెలుస్తుంది? ఆ తర్వాత ఏం చేసుకుంటుందో ఆమె ఇష్టం. తల ఆమెది.

మీ తాతగారు పోయిన పదో రోజున నా తల గురించి మన అరుగు మీద పదిమంది సభ చేశారు. మంగలిని కూడా పిలిపించారు. వాడికి మజ్జిగ ఇచ్చి పంపేశాను, సభకి మజ్జిగ కూడా ఇవ్వలేదు. ఆడదాని తలకి ఎప్పుడూ ఒక కమిటీ ఉంటుందే జగదీ. ఊళ్ళు మారతాయి, అంతే.

ఆమె తిండి ఎలా తింటోంది? కారం తగ్గించమని చెప్పు. టోపీ కన్నా అది ముఖ్యం.

అమ్మమ్మ
లక్ష్మీకామేశ్వరి

---

విజయనగరం,
జులై 21.

అమ్మమ్మకు,

నువ్వు చెప్పినట్టే చెప్పాను. వెర్నా విని నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "అయితే వాళ్ళకి నా మీద ఏవగింపు లేదు. నాకు కష్టం వచ్చిందనుకుంటున్నారు" అంది. చేరిన కొత్తలోనే గురమ్మ ఎవరు పోయారని అడిగిందట. అప్పటికి తెలుగు రాక ఈమె "అందరూ బాగున్నారు" అందట. పాపం, దుఃఖం దిగమింగుకుంటోందని గురమ్మ గోడ చాటుకెళ్ళి ఏడ్చిందట. ఆ ఏడుపు ఎందుకో ఈమెకి ఇన్నాళ్ళకి తెలిసింది.

సుగుణమణి గారి మాట కూడా చెప్పాను, దాచలేదు. వాళ్ళ ఊరు పత్తి పండే ఊరు. చిన్నప్పుడు ప్రతి శనివారం వాళ్ళమ్మ ఇనప దువ్వెన పొయ్యి మీద కాల్చి జుట్టు సాపు చేసేదట. చెవి మీద మచ్చ చూపించింది. అక్కడి ఆసుపత్రిలో ఉద్యోగం ఇచ్చేటప్పుడు "తల నీటుగా ఉండాలి" అన్నారట. ఏళ్ళ తరబడి కాల్చుకుంది. ఇక్కడికి బయలుదేరే ముందు సంవత్సరం మానేసింది. "ఇంత సముద్రం దాటి వచ్చాను జగదీ, ఆ మాట నాకన్నా ముందే వచ్చి కూర్చుంది" అంది.

తర్వాత ఆమే అంది: "రోగులకి భయంగా ఉంటే జడలు వేసుకుంటాను. అది మా అమ్మమ్మల పద్ధతి. నాకు ఇష్టమే. కానీ అవి ఒకరి కాళ్ళ దగ్గర కూర్చుని వేయించుకునేవి. ఇక్కడ నాకెవరున్నారు?"

నేను వేస్తాననలేదు. నాకు రాదు. నిజం చెప్పాలంటే ఆ జుట్టు ముట్టుకోవడానికి జంకాను.

ఆదివారమంతా రెండు అద్దాలు పెట్టుకొని తనే వేసుకుంది. సోమవారం ఆమె వార్డులోకి వస్తే పనులు ఆగిపోయాయి. మన జడలు వెనక వేలాడతాయి కదా. ఇవి తలకి అంటుకునే నడుస్తాయి. నుదుటి నుంచి మెడ దాకా నాగలి చాళ్ళు పోసినట్టు, ఒక చాలు పక్కన ఒక చాలు, మధ్యలో పాపిడి గట్లు. గురమ్మ ఆమె చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, "ఇప్పుడు సక్కగున్నావు" అని తీర్పు చెప్పింది. ఆ పూటే బాలింతలు మందు పుచ్చుకున్నారు. టోపీ కూడా నిలిచింది. జడలోకి పిన్ను దిగితే పెనుగాలికి కూడా కదలదు, నా టోపీయే జారుతోంది.

ఇక గొడవ తీరిందనుకున్నాను. మేట్రన్ గారు చూసి, "ఇదింకా అధ్వాన్నం. ముడి ఏది? ఇది ఆసుపత్రా, తీర్థమా?" అన్నారు. మద్రాసు నుంచి ఒక సవరం తెప్పించారు. జడల మీద దాన్ని ముడిగా చుట్టి టోపీ పెట్టుకోవాలట. వెర్నా తీసుకొని సంచిలో పెట్టుకుంది, తలకి పెట్టుకోలేదు. దసరా వెళ్ళాక ఆసుపత్రి కమిటీ కూర్చుంటుంది, వ్యవహారం అక్కడ పెడతామంటున్నారు. ఒప్పుకోకపోతే వెనక్కి పంపేస్తారని కూర్మయ్య గారు నా చెవిలో వేశారు.

వచ్చే నెల కళింగపట్నంలో పిల్లలకు టీకాల శిబిరం ఉంది. వెర్నా వస్తుంది. రాత్రిళ్ళు మన ఇంట్లో ఉంటుందని మాట ఇచ్చేశాను. నాకు డ్యూటీ ఉంది, రాలేను. కోప్పడకు.

జగదీశ్వరి

---

శ్రీకాకుళం,
ఆగస్టు 25.

జగదీకి దీవెనలు.

నీ మనిషి వచ్చింది, ఉంది, వెళ్ళింది. ఇల్లు బోసిగా ఉంది.

వచ్చీ రాగానే చెప్పులు బయట విడిచి, కాళ్ళు కడుక్కొని, "అమ్మా, నాను ఎర్నమ్మని" అంది. కారం తగ్గించమని నేను రాస్తే నువ్వు చెప్పలేదని తెలిసిపోయింది. నా ఆవపెట్టిన పనసకూర రెండోసారి వడ్డించుకుంది. ఇక ఆమెను నేను దోషాలు వెతికే కళ్ళతో చూడలేకపోయాను. ప్రయత్నించాను సుమా.

పొద్దున్నే బస్సులో కళింగపట్నం వెళ్ళేది. సముద్రం చూసి చాలాకాలమైందని వంక పెట్టి ఒకరోజు నేనూ వెంటపడ్డాను. సముద్రం నాకెందుకు, ఉప్పునీళ్ళు. ఆమె పని చూడాలని.

చేపలు ఎండేసిన ఇసక పక్కన బల్ల వేసుకొని కూర్చుంది. తల్లుల వరస రోడ్డుదాకా ఉంది. ముందు దాలమ్మ అని ఒక పల్లెకారామె, చంకలో గుంటడు. టీకా సంగతి వదిలేసి ఈమె తల వంక చూస్తుంది.

"ఓలమ్మ, ఏటీ అల్లికలు! ఎవులేసినారే నీకు?"

"నానే ఏసుకున్నానమ్మా. ఎనకాల సరిగ్గ రానేదు."

"అవునవును, ఎనకాల ఒంకరగున్నాది. మా మావ తాగొచ్చి నడిసినట్టున్నాది."

వరస వరసంతా పకపకలు. అందరికన్నా పెద్దగా నవ్వింది ఆమే. ఆ నవ్వులోనే గుంటడి చేతికి సూది పడిపోయింది. వాడికి ఏడవాలని గుర్తొచ్చేసరికి దాలమ్మ సగం దూరం వెళ్ళిపోయింది. నేను కచేరీలు చూశాను, అవధానాలు చూశాను. అంత తేలికైన చెయ్యి చూడలేదు. పొద్దువాలే దాకా ఎవరిమీదా విసుక్కోలేదు. నాకు చూసేందుకే విసుగొచ్చింది.

ఇంటికొచ్చాక నాకు ఆ "ఎనకాల ఒంకర" మాట నిలవనివ్వలేదు. "నేను సరిచేస్తాను, ముట్టుకోవచ్చునా?" అన్నాను. "ముట్టుకునేవాళ్ళు చాలామందే గానీ అడిగినవాళ్ళు తక్కువ" అంది. అరుగు మీద నేను, కింది మెట్టు మీద ఆమె. గరుకుగా ఉంటుందనుకున్నాను. కాదే జగదీ. దూదిపింజె కన్నా మెత్తన. కానీ బలం ఉంది, వేలు చుట్టుకుంటే వదలదు. మన జుట్టు చెప్పినట్టు పడుకుంటుంది, ఇది తన మాట తను చెబుతుంది. కొబ్బరినూనె చేతికి రాసుకొని, దువ్వెన కొసతో పాపిడి తీసి, తలకి దగ్గరగా మూడు పాయలు పట్టుకొని, ప్రతి అల్లికకీ కొంచెం కొత్త జుట్టు కలుపుకుంటూ పోవాలి. మొదటి చాలు నాది వంకరే వచ్చింది. విప్పించింది. మొహమాటపడలేదు. రెండోదీ విప్పించింది. ఇన్నేళ్ళకి నా పని విప్పించిన మనిషి దొరికింది! నాలుగోది చేత్తో తడిమి, "సక్కగున్నాది" అంది. పెద్ద సన్మానం జరిగినట్టయింది నాకు.

కాసేపటికి చూస్తే కూర్చునే నిద్రపోయింది, నా మోకాలికి తల ఆనించి. వాళ్ళమ్మమ్మ దగ్గర కూడా అలాగే నిద్రపోయేదట, లేచాక చెప్పింది. కాలు తిమ్మిరెక్కినా నేను కదల్చలేదు. ఈ సంగతి మీ అమ్మకి రాయకు, దాని తల దువ్వేటప్పుడు నేను అంత ఓపిక చూపించలేదు.

ఆ సవరం కూడా చూపించింది. ఎవరో తల్లి ఏ కొండదేవుడికో మొక్కుకొని ఇచ్చిన జుట్టు. దేవుడు వేలంలో అమ్మాడు, మద్రాసువాడు కొన్నాడు, సుగుణమణి గారు తెప్పించారు, తలనిండా జుట్టున్న మనిషి నెత్తిన పెట్టమంటున్నారు. ఇంత దేశాటనం చేసిన జుట్టుని నేనెరగను.

ఆమె బస్సెక్కాక నాకొక ఉపాయం తోచింది. మంచి ఆలోచనలన్నీ బస్సెళ్ళాకే వస్తాయి. మన వైపు భాగోతంలో భామవేషం కట్టిన మనిషి ముందు మొహం చూపించడు. తెర వెనక నుంచి పొడుగాటి జడ తీసి తెర మీద వేస్తాడు. విద్యలో నన్ను ఓడించేవాడు ఈ సభలో ఉంటే వచ్చి జడ కోసుకోండి అని సవాలు. మా పెదనాన్నగారు ఆ వేషం కట్టేవారు. సిక్కోలు నుంచి బొబ్బిలి దాకా ఆయన జడ ఒక్క ఊళ్ళోనూ తెగలేదు. వెర్నాని కూడా కమిటీ ముందు అలాగే నిలబడమను. "వైద్యంలో నన్ను ఓడించండి, జడలు తీసేస్తాను" అనమను. ఓడించేవాళ్ళు మీ ఆసుపత్రిలో లేరు. చచ్చినట్టు నోరు మూసుకుంటారు.

ఉపాయం ఎవరిదని అడిగితే నా పేరు చెప్పడానికి అభ్యంతరం లేదు.

అమ్మమ్మ

---

విజయనగరం,
అక్టోబరు 6.

అమ్మమ్మకు,

నా జవాబు కోసం ఎదురుచూసి ఉంటావు. నేనే ఆలస్యం చేశాను.

నీ భాగోతం కథ వెర్నాకి చెప్పాను. మళ్ళీ చెప్పించుకుంది. తెర ఎంత ఎత్తు, జడ ఎంత పొడుగు, జనం ఏమనేవారు, అన్నీ అడిగింది. "ఎంత అందమైన పొగరు!" అంది. ఆ పెద్దాయన్ని చూడలేకపోయానని బాధపడింది. ఒప్పుకున్నట్టే అనుకున్నాను. అప్పుడంది:

"కానీ ఆయన జడ పెట్టుడు జడ. సాయంత్రం కట్టుకొని తెల్లారి విప్పేసేది. దాన్ని పందెం కాయవచ్చు. నాది నాతో పుట్టింది. గెలిస్తే నాదే నాకు మిగులుతుంది, ఓడితే పోతుంది. ఇదేం పందెం? పని బాగా చేస్తున్నాను కనుక నా తల నా ఇష్టం అంటే, రేపు నాకన్నా పని తక్కువ వచ్చిన నల్లపిల్ల ఇక్కడికి వస్తే ఆ పిల్ల జడలు కోసేస్తారా? అమ్మమ్మగారికి చెప్పు, ఆ జడలు వేసిన చేతులకి నమస్కారం. ఈ పందెం మాత్రం నేను కాయను."



ఇప్పుడు నీకు చెప్పకుండా దాచిన సంగతి. మేట్రన్ గారు ఒక కాగితం టైపు చేయించారు. వెర్నా జుట్టు వల్ల శిక్షణలో ఉన్న పిల్లల క్రమశిక్షణ చెడుతోందని, ట్యూటరుగా నేను గమనించానని దాని సారాంశం. నా సంతకం కావాలి. నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. నవంబరులో ఖాయం చేసే కాగితం కూడా ఆవిడ బల్ల మీదే ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి నాకు చూపించారు. జులై నుంచి ఇది నడుస్తోంది. నువ్వు బెంగపడతావని రాయలేదు. కాదు, నువ్వేమంటావో తెలిసి రాయలేదు.

ఆవిడ చెడ్డ మనిషి అని రాయలేను అమ్మమ్మా. నిన్న నాతో ఒక మాట అన్నారు. చిన్నపిల్లగా హాస్టల్లో చేరిన రోజునే అక్కడి దొరసాని పేలుంటాయని ఆవిడ జుట్టు కత్తిరించి, కిరసనాయిలు రాసి, ఎండలో నిలబెట్టిందట, అందరూ చూస్తుండగా. పేలు లేవట. "ఆనాటి నుంచి నా తల మీద ఎవరూ వేలు చూపలేదు జగదీశ్వరీ, నేను చూపనివ్వలేదు. ఈ అమ్మాయిని కూడా నేను కాపాడాలనే చూస్తున్నాను" అన్నారు. అది అబద్ధం కాదు. అందుకే నాకు కష్టంగా ఉంది.

కమిటీ ఈ నెల ఇరవై నాలుగున. ఏం చేయను?

జగదీశ్వరి

---

శ్రీకాకుళం,
అక్టోబరు 10.

జగదీకి,

దీవెనలు. ఈసారి రెండు రాస్తున్నాను, ఒకటి ఆ పిల్లకి ఇవ్వు.

ఇన్ని ఊళ్ళలో తెగని మా పెదనాన్నగారి జడ విజయనగరంలో తెగింది. ఆమె చెప్పినది నిజం. నా ఉపాయం మహా గొప్పదని ఇక్కడ నలుగురికీ చెప్పుకొని మురిసిపోయాను, వాళ్ళందరి దగ్గరా వెనక్కి తీసుకోవాలి. ఈ వయసులో నన్ను ఇంత మర్యాదగా ఓడించిన మనిషి లేదు. ఓడినందుకు ఇంత సంతోషం కూడా ఎప్పుడూ కలగలేదు.

ఇక సంతకం. పెట్టమనీ అనను, వద్దనీ అనను. ఉద్యోగం నీది, చెయ్యి నీది. నేను శ్రీకాకుళంలో కూర్చుని నీ జీతం పణంగా పెట్టి ధర్మం చెప్పడం చవక బేరం. ఒక్క మాట మాత్రం చెబుతాను. ఆ కాగితాన్ని ఆమె ఎదుట, పైకి, మొదటి నుంచి చివరిదాకా చదువు. గొంతు తడబడకుండా చదవగలిగితే సంతకం పెట్టు, నేనేమీ అనుకోను.

సుగుణమణి గారి మాట చదివి నాకు ఆ దొరసాని మీద కోపం వచ్చింది. ఆ గుంట ఇంకా ఎండలోనే నిలబడి ఉంది పాపం. కానీ తన ఎండ తెచ్చి ఇంకొకరి నెత్తిన పెడితే అది నీడ కాదు కదే.

అమ్మమ్మ

---

విజయనగరం,
అక్టోబరు 25.

అమ్మమ్మకు,

జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

కమిటీ అధ్యక్షులు నరసింగరావు గారు ప్లీడరు. కోర్టుకి టైమవుతోందని వాచీ చూసుకుంటూ వచ్చారు. మరో ఇద్దరు సభ్యులు, మేట్రన్ గారు, వెర్నా, నేను. కూర్మయ్య గారు, జడలు తీయాలి లేదా వెళ్ళిపోవాలి అనే ఉత్తర్వు కాగితం, కలం పట్టుకొని సిద్ధంగా ఉన్నారు. "ఈ నీగ్రో అమ్మాయి విషయమేనా?" అన్నారు ప్లీడరు గారు. "నల్లవాళ్ళం అంటే చాలండి" అంది వెర్నా, మామూలుగా. ఆయన సరే సరే అన్నారు.

ముందు నా కాగితం అడిగారు. సంతకం పెట్టే ముందు చదువుతానన్నాను. ఎందుకన్నారు. మా అమ్మమ్మ చదవమంది అన్నాను, అంతకన్నా మంచి జవాబు దొరకలేదు. లేచి చదవడం మొదలుపెట్టాను. తేదీ చదివాను, నా పేరు చదివాను, ఆమె పేరు చదివాను. "క్రమశిక్షణ" దగ్గర తల ఎత్తాను. వెర్నా నా వంకే చూస్తోంది. కోపంగా కాదు. పాఠంలో ఆగిపోయిన పిల్లని చూసినట్టు, నెమ్మదిగా, తొందరేమీ లేదన్నట్టు. కాగితం బల్ల మీద పెట్టి, "ఇందులో ఉన్నది నేను చూడలేదండి" అని కూర్చున్నాను. కాళ్ళు వణికాయి. రాయడానికి సిగ్గేమీ లేదు.

"సరే, ఉత్తర్వు రాసేయండి" అన్నారు ప్లీడరు గారు. కూర్మయ్య గారు కలం ముంచి అడిగారు, "కారణం అని ఉందండి ఇక్కడ. ఏం రాయమంటారు?"

రోగులకు అభ్యంతరం అని రాయమన్నారు మేట్రన్ గారు. గురమ్మని పిలిచారు. "ఎవులన్నారు? అప్పుడు మైలనుకున్నాం. ఇప్పుడు ఈయమ్మ వస్తేగానీ మా వార్డులో కానుపు కానమంతన్నారు" అంది. అది కొట్టేశారు. శుభ్రత అన్నారు. ఒక్క వెంట్రుక రాలని తల శుభ్రం కాదని ఎలా రాస్తామని సభ్యుల్లో ఒకాయనే అన్నారు. టోపీ అన్నారు. టోపీ ఆమె తల మీద నిటారుగా ఉంది. నాది ఆ వేళకి చెవి మీదకి జారింది, అందరూ చూశారు.

"చూడ్డానికి బాగోలేదు అని రాయండి" అన్నారు మేట్రన్ గారు చివరికి.

కూర్మయ్య గారు వెక్కిరింపుకి అడగలేదు అమ్మమ్మా, ఆయనకు వెక్కిరింపు రాదు. ముప్పై ఏళ్ళుగా ఫారాలు నింపుతున్న మనిషి. "ఎవరికి బాగోలేదని రాయమంటారమ్మా? పేరుండాలి" అన్నారు.

ప్లీడరు గారు తనకేం అభ్యంతరం లేదన్నారు. సభ్యులు తమకూ లేదన్నారు. అందరూ మేట్రన్ గారి వంక చూశారు. ఆవిడ చెయ్యి అప్రయత్నంగా తన ముడి మీదికి వెళ్ళింది. నొక్కి చూసుకున్నారు. "రాయకండి" అన్నారు. లేచి వెళ్ళిపోయారు. తలుపు దగ్గర వెర్నా లేచి నిలబడి దారి ఇచ్చింది.

ఉత్తర్వు లేదు. వెర్నా ఉంటుంది, తన తలతోనే ఉంటుంది.

నా ఉద్యోగం ఖాయం చేయడం ఆరు నెలలు వాయిదా వేశారు. ఆ కాగితంలో కారణం దగ్గర "పై అధికారి చెప్పిన పని చేయనందున" అని ఉంది. మేట్రన్ గారి పేరుంది, సంతకం కూడా ఉంది, గుండ్రంగా, ముత్యాల్లా. అది నిజమే కనుక నేను ఏడవలేదు. కొంచెం ఏడ్చాను.

వెర్నా ఆదివారం నీ దగ్గరికి వస్తానంటోంది. నువ్వు సంతోషంగా ఉండు.

జగదీశ్వరి

---

శ్రీకాకుళం,
అక్టోబరు 29.

చిరంజీవి జగదీశ్వరికి,

పేరు పూర్తిగా రాశాను, చూశావా? సంపాదించుకున్నావు.

ఆరు నెలలు ఏముంది, పనసచెట్టు కాపుకొచ్చే కాలం కన్నా తక్కువ. కొంచెం ఏడ్చానన్నావు, అది లెక్కలోకి రాదు. కాళ్ళు వణికాయని రాశావు, అది మాత్రం దాచిపెట్టుకోదగిన వాక్యం. వణకని కాళ్ళతో నిలబడడం గొప్ప కాదు. నేను ఆ మంగలికి మజ్జిగ ఇచ్చిన రోజున చెంబు సగం నేలపాలయింది. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

వెర్నా ఆదివారం వచ్చింది. విజయం సాధించుకొచ్చిన మనిషి కదా అని పూర్ణాలు వండి, వాకిట్లో ఎదురెళ్ళాను. "గెలిచావే!" అన్నాను. ఆమె చెప్పులు విడిచి అరుగు మీద కూలబడింది. మనిషి డస్సిపోయి ఉంది. ఆ మొహం నేను శిబిరంలో పొద్దంతా పని చేశాక కూడా చూడలేదు.

"గెలవనేదమ్మా," అంది. "నాను వచ్చినప్పుడు నా తల నాదే. ఇప్పుడూ నాదే. ఎక్కువొచ్చిందేటీ నేదు. ఆరు నెల్లు ఇంతమంది పెద్దోలు కూసుని నా తల గురించి మాటాడినారు. ఆ ఆరు నెల్లు నాకెవులిస్తారు?"

నా చేతిలో పూర్ణాల పళ్ళెం అలాగే ఉండిపోయింది. పళ్ళెం ఆమె పక్కన పెట్టి, నేనూ అరుగు మీద కూర్చున్నాను. ఆమె ఒకటి తింది.

అమ్మమ్మ